రన్‌వే సరే... కాలువ ఎటు పోవాలి?



పెనుమూడి రేవులో నిలబడి విమానాశ్రయం మాట ఎత్తితే వినేవాళ్లకు నవ్వు రావచ్చు. "మనకెందుకయ్యా ఆ గోల, మన బాధంతా చివరి మడికి నీళ్లు రావడం, వచ్చిన వరద తొందరగా పోవడం" అంటారు. నిజమే. సరిగ్గా ఆ రెండింటి కోసమే ఈ వారం విమానాశ్రయాల గురించి రాయవలసి వచ్చింది.

మనం కృష్ణా పశ్చిమ డెల్టాలో చివరివాళ్లం. ఎగువన లాకులు మూస్తే ముందు ఎండేది మన బోదె. ఎగువన వాన పడితే ఆఖరికి వచ్చి నిలబడేది మన మురుగు కాల్వలో. బెజవాడ దగ్గర ఎవరో ఒక చెరువు పూడ్చినా, ఒక వాగును పక్కకు తిప్పినా, వంద ఎకరాలు మెరక చేసినా మనకేం తెలియదు. తెలిసేసరికి పొలంలో మోకాటి లోతు నీళ్లుంటాయి. అందుకని ఎగువ సంగతులు మనకు పరాయి సంగతులు కావు.

ఇప్పుడు మన రాష్ట్రంలో ఎక్కడ చూసినా విమానాశ్రయాల మాటే. ఉన్నవాటికి రన్‌వే పొడిగింపు, లేనిచోట కొత్తవి. 2025లో అమరావతి రెండో విడత భూ సమీకరణ మాట వచ్చినప్పుడు, అందులో 5 వేల ఎకరాల్లో అంతర్జాతీయ విమానాశ్రయం కడతామని ప్రతిపాదన కూడా వచ్చింది. ఏటికి అవతల గన్నవరం ఉండగానే ఇవతల ఇంకొకటన్నమాట. అదే ఏడాది ఉత్తరాన ఉద్దానంలో మందస, వజ్రపుకొత్తూరు వైపు కార్గో విమానాశ్రయం ప్రతిపాదన మీద జీడి, కొబ్బరి తోటల రైతులు ఎదురు తిరిగారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకు తోటలు నేలమట్టమైన ఊళ్లవి. మళ్లీ మొక్క పెట్టి, నీళ్లు మోసి, కాపుకు తెచ్చుకుంటున్న సమయంలో ఈ పిడుగు పడింది.

విమానం వద్దని ఎవరూ అనడం లేదు. 2006లో పెనుమూడి - పులిగడ్డ వారధి వచ్చేదాకా ఏరు దాటాలంటే పడవే గతి అయిన మనకు, దారి విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. కాకపోతే దారి వేసేటప్పుడు నీటి దారి మూసేస్తారా అన్నదే ప్రశ్న.

గన్నవరంలో ఏం జరిగింది?

మనకు దగ్గరి ఉదాహరణ గన్నవరమే. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన స్థావరం అది. చాలా ఏళ్లు 2,286 మీటర్ల రన్‌వేతోనే నడిచింది. పెద్ద విమానాలు దిగాలంటే అది చాలదని 3,360 మీటర్లకు పొడిగించారు. కొత్త రన్‌వే 2021లో వాడుకలోకి వచ్చింది. దీనికోసం సుమారు 700 ఎకరాలు కావలసి వచ్చాయి. బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి రైతుల భూములవి. ఏలూరు కాలువ పారే ప్రాంతం. బంగారం పండే నేల.

మొదట్లో రైతులు ఇవ్వమని గట్టిగానే నిలబడ్డారు. తర్వాత రాజధాని తరహాలో భూ సమీకరణ పద్ధతి ముందుకు వచ్చింది. ఎకరానికి ఇంత డబ్బు అని కాకుండా, అభివృద్ధి చేసిన స్థలాలు ఇస్తామన్నారు. రాజధాని వస్తోంది, ఆ స్థలం విలువ పెరుగుతుందన్న ఆశతో చాలామంది సంతకాలు పెట్టారు. తర్వాత 2019లో ప్రభుత్వం మారింది. మూడు రాజధానుల మాట వచ్చింది. స్థలాల విలువ ఒక్కసారిగా పడిపోయింది. సినీ నిర్మాత సి.అశ్వనీదత్ అంతటి మనిషి కూడా, తానిచ్చిన 39 ఎకరాల విషయంలో నష్టపోయానని 2020లో హైకోర్టుకు ఎక్కవలసి వచ్చింది. ఆయనకు వకీలును పెట్టుకునే స్తోమత ఉంది. అర ఎకరం, ఎకరం ఇచ్చిన రైతు ఏ గుమ్మం ఎక్కాలి?

ఇక్కడ ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఆ విస్తరణ ప్రణాళికలో ఏలూరు కాలువను మళ్లించడం కూడా ఒక భాగం. ఏలూరు కాలువంటే చిన్న పిల్లకాలువ కాదు, కృష్ణా తూర్పు డెల్టాకు ప్రధాన కాలువల్లో ఒకటి. దాన్ని వంచితే దిగువన ఉన్న ఆయకట్టుకు నీటి మట్టం ఎలా ఉంటుంది, ప్రవాహం ఎంత తగ్గుతుంది, పాత కాలువలో కలిసే పక్క మురుగులు ఎటు పోతాయి - ఇవీ ఊరూరా చర్చ జరగవలసిన విషయాలు. కాని నా అభిప్రాయంలో, అక్కడ గొడవంతా ధర చుట్టూ, స్థలం చుట్టూ తిరిగింది. నీళ్ల సంగతి వెనకబడిపోయింది.

ధర అడగడం తప్పని నేననను. భూమి పోయేవాడు ధర అడక్కపోతే ఇంకేం అడుగుతాడు? కాని ఒక్కటి గమనించాలి. ధర అడిగే హక్కు పట్టాదారుకే ఉంటుంది. కౌలుదారుకు లేదు, కూలీకి లేదు, కాలువ కింద పాతిక మైళ్ల దూరంలో ఉన్న రైతుకు అసలే లేదు. ధర కుదిరిన రోజున పట్టాదారు సంతకం పెట్టి పక్కకు తప్పుకుంటాడు. మిగిలినవాళ్ల గోడు వినే నాథుడు ఉండడు. అదే నీటి మీద, మురుగు మీద, చెట్టు మీద ప్రశ్న వేస్తే అది అందరి ప్రశ్న అవుతుంది. మన పెద్దలు పర్యావరణం అనే పెద్ద మాట వాడలేదు గాని, కాలువ గట్టు తవ్విన వాడిని ఊరంతా కలిసి నిలదీశారు. అదే పర్యావరణం.

ఒక చిన్న లెక్క

చదువుకున్న ఇంజినీర్లు చెప్పేదాకా ఆగనక్కర్లేదు, మనమే లెక్క వేసుకుందాం.

ఒక ఎకరం నేల మీద ఒక్కరోజులో 10 సెంటీమీటర్ల వాన పడితే, ఆ నీరు సుమారు 4 లక్షల లీటర్లు. తుపాను రోజుల్లో మన తీరానికి 10 సెంటీమీటర్లు పెద్ద విశేషం కాదు. 700 ఎకరాల మీద అయితే 28 కోట్ల లీటర్లు. ఈ నీరంతా 24 గంటల్లో బయటికి పారాలంటే 115 క్యూసెక్కుల మురుగు కాల్వ కావాలి.

అదే 700 ఎకరాలు వరి మడులుగా ఉన్నప్పుడు ఏమవుతుంది? గట్లు గట్టిగా ఉంటే ఆ 10 సెంటీమీటర్ల నీటిలో చాలా భాగం మడుల్లోనే నిలుస్తుంది. కొంత ఇంకుతుంది, కొంత నాలుగైదు రోజుల మీద మెల్లగా మురుగులోకి దిగుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా రైతు ఊరికి కట్టిపెట్టిన చెరువన్నమాట.

"రన్‌వే ఎంతండీ, 45 మీటర్ల వెడల్పేగా" అని ఎవరైనా అనవచ్చు. 3,360 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు లెక్కన అది 37 ఎకరాలే. నిజమే. కాని దాని పక్కన విమానాలు నడిచే దారులు, నిలిచే చోటు, భవనాలు, రోడ్లు, కార్లు పెట్టే స్థలం ఉంటాయి. మిగతా నేల కూడా మడిలాగా ఉండదు. మెరక చేసి, గట్లు తీసేసి, నీరు నిలవకుండా వాలుగా చదును చేస్తారు. నీరు నిలిస్తే కొక్కిరాయిలు, కొంగలు వస్తాయి, అవి విమానానికి ప్రమాదం. అందుచేత మన పొలానికి మంచిదైన నిలవ నీరే అక్కడ శత్రువు. ఎంత తొందరగా బయటికి తోస్తే అంత మంచిదని కాల్వలు కడతారు. బయటికి అంటే ఎక్కడికి? పక్క పల్లానికి, ఆ కింద ఉన్న ఊరికి.

నీరు ఎవరినీ వదలదు

పల్లంలో కడితే రైతుకే కాదు, విమానాశ్రయానికీ నష్టమే. కేరళలో కొచ్చి విమానాశ్రయం పెరియార్ నదికి దగ్గర్లో నెడుంబాశ్శేరి పొలాల మధ్య ఉంది. 2018 ఆగస్టు వరదల్లో రన్‌వే మునిగింది. ఆగస్టు 15న మూతపడిన విమానాశ్రయం తిరిగి 29న గాని తెరుచుకోలేదు. చెన్నైలో రెండో రన్‌వేను అడయార్ నది మీద వంతెన కట్టి మరీ పొడిగించారు. 2015 డిసెంబర్ 1 నాటి వానకు అడయార్ పొంగి విమానాశ్రయం మునిగింది, రోజుల తరబడి విమానాలు ఆగిపోయాయి.

మన సంగతి మనకు తెలియనిదా? 2009 అక్టోబర్‌లో ఓలేరు దగ్గర కరకట్ట తెగినప్పుడు మన ప్రాంతం ఎలా మునిగిందో చూసినవాళ్లం. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2009 నాటి 11.10 లక్షలను కూడా అది మించిపోయింది. అదే సమయంలో బుడమేరు విజయవాడను ముంచింది. బుడమేరుకు దారి ఇవ్వకుండా ఇళ్లు కట్టుకుంటూ పోయిన ఫలితం ఏమిటో సింగ్‌నగర్ వాళ్లను అడిగితే చెబుతారు.

అమరావతి వైపు చూసినా ఇదే. అక్కడ కొండవీటి వాగు ఉంది. దాని వరద నీటిని కృష్ణలోకి ఎత్తిపోయడానికి 2018లో 5 వేల క్యూసెక్కుల ఎత్తిపోతల పథకం పెట్టారు. రాజధాని నిర్మాణం మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 నవంబర్‌లో తీర్పు ఇస్తూ, కట్టుకోవచ్చంది గాని వాగు విషయంలో షరతులు పెట్టింది. ఆ ప్రాంతంలో ఇంకొక 5 వేల ఎకరాలు చదును చేస్తే అదనంగా వచ్చే వాన నీరు ఎంత? అదంతా కృష్ణలోకే తోస్తే, కృష్ణ అప్పటికే నిండుగా ఉంటే, దిగువ కరకట్ట మీద ఎంత భారం పడుతుంది? ఈ లెక్క అడిగే హక్కు తుళ్లూరు రైతుకే కాదు, పెనుమూడి రైతుకూ ఉంది.

నిలబడినచోట ఏమడిగారు?

ఎదురు నిలిచి ఏం లాభం అనేవాళ్లు ఉన్నారు. కొన్ని సంగతులు చూడండి.

కేరళలోనే ఆరన్ముళ అనే ఊరుంది. అక్కడ వరి పొలాలు, చిత్తడి నేలలు పూడ్చి విమానాశ్రయం కడదామనుకున్నారు. కవయిత్రి సుగతకుమారి లాంటివాళ్లు రైతుల పక్కన నిలిచారు. 2014 మేలో చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ ధర్మాసనం పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అదే ఏడాది నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. ఎందుకు రద్దయిందో తెలుసా? పర్యావరణ నివేదిక తయారుచేసిన సంస్థకు ఆ పని చేసే అర్హత లేదని, ప్రజాభిప్రాయ సేకరణ సరిగా జరగలేదని. ఆవేశంగా ఉపన్యాసాలు ఇచ్చినందువల్ల కాదు, కాగితాలు జాగ్రత్తగా చదివినందువల్ల గెలిచారు.

మన భోగాపురం చూడండి. 2015 ప్రాంతంలో మొదట 15 వేల ఎకరాలన్న మాట వినిపించింది. ఊళ్లు ఎదురు తిరిగాయి, కోర్టులకు వెళ్లాయి. తగ్గుతూ తగ్గుతూ వచ్చి, చివరికి 2,203 ఎకరాల్లో పని మొదలైంది. విమానాశ్రయం ఆగలేదు. కాని వేల ఎకరాల కొబ్బరి, మామిడి, జీడి తోటలు మిగిలాయి. 15 వేలు కావాలన్న పని 2,203తో ఎలా సరిపోయింది? మొదటి అంకె ఎవరు వేశారు, ఏ లెక్కన వేశారు? ఏ ప్రాజెక్టు వచ్చినా రైతు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

తమిళనాడులో పరందూరు విమానాశ్రయానికి వ్యతిరేకంగా ఏకనాపురం గ్రామం 2022 నుంచి పోరాటం మొదలుపెట్టింది. గ్రామసభల్లో తీర్మానాల మీద తీర్మానాలు చేసింది. చెరువులు, వరి పొలాలు పోతాయన్నదే వాళ్ల ప్రధాన వాదన. దూరదేశమైన ఫ్రాన్సులో నాంత్ పట్టణం దగ్గర పాడి రైతులు, ప్రకృతి ప్రేమికులు కలిసి దశాబ్దాల తరబడి పోరాడితే 2018 జనవరిలో ప్రభుత్వమే కొత్త విమానాశ్రయం ఆలోచన మానుకుంది. అక్కడా చిత్తడి నేలల మాటే ముందు వచ్చింది.

అవతలివాళ్ల మాటలో నిజమెంత?

ఎదుటివాళ్ల వాదన కూడా వినాలి. విమానాశ్రయం వస్తే పూలు, పండ్లు, కూరగాయలు త్వరగా ఎగుమతి చేయవచ్చంటారు. రొయ్యల సాగుదారులకు ఇందులో ఒక నిజం తెలుసు. మనం వేసే వెనామీ పిల్లలకు తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలోనే చెన్నైకి వస్తాయి, అక్కడి క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాకే హేచరీలకు పోతాయి. కాబట్టి విమానం మనకు అక్కరకు రాదని అనలేం. కాని పట్టిన రొయ్య మాత్రం ఐసు కట్టి, కంటైనర్లలో ఓడ ఎక్కుతుంది. వడ్లు, మినుములు, మొక్కజొన్న విమానం ఎక్కవు. మన రైతుకు ముందు కావలసింది పొలానికి డొంక, ధాన్యానికి గోదాము, పంటకు ఐసు గది. ఇవి లేకుండా రన్‌వే ఎంత పొడుగుంటే ఏం?

"రైతు బాగుపడేది భూమి ధర పెరిగినప్పుడేగా" అనేవాళ్లూ ఉన్నారు. భూమి అమ్ముకునేవాడికి అది నిజం. దున్నుకునేవాడికి ధర పెరిగితే కౌలు పెరుగుతుంది. మన డెల్టాలో చేను చేసేవాళ్లలో ఎక్కువమంది కౌలుదారులే. సొంతదారు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. ఆయన సంతకం పెడితే కౌలుదారు చేను పోతుంది, చేతికి మాత్రం పైసా రాదు.

ఇంకొకటి. కంచె లోపలి భూమితోనే పని అయిపోదు. విమానం దిగే దారికి అడ్డొచ్చే చెట్లను కూడా తీయించే అధికారం చట్టంలో ఉంది. దీనికి 1994లో నియమాలు చేశారు. కంచె అవతల ఉన్న తాటి వరస, కొబ్బరి తోట కూడా క్షేమమని అనుకోవడానికి లేదు. భూమి తీసుకోని రైతుకు కూడా నోటీసు రావచ్చు.

చట్టంలో మనకున్న చోటు

చట్టం పూర్తిగా మన పక్షాన లేదు గాని, మనం నిలబడేందుకు కొంత చోటు ఇచ్చింది. తెలుసుకోవాలి.

2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం విమానాశ్రయానికి ముందుగా పర్యావరణ అనుమతి కావాలి. దానికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదికను కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో చూసుకోవడానికి పెట్టాలి. సారాంశం తెలుగులో ఉండాలి. సభకు రాలేనివాళ్లు కాగితం మీద రాసి పంపవచ్చు. సభంతా వీడియో తీయాలి. మనవాళ్లు చేసే తప్పేమిటంటే, సభ రోజున వెళ్లి కేకలు వేసి వచ్చేస్తారు. కేకలు రికార్డులోకి ఎక్కవు. రాసిచ్చిన ప్రశ్న ఎక్కుతుంది, దానికి జవాబు చెప్పవలసి వస్తుంది.

2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం కూడా ఒక మంచి మాట చెప్పింది. రెండు, మూడు పంటలు పండే సాగునీటి భూమిని వేరే గత్యంతరం లేనప్పుడే తీసుకోవాలంది. మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలుదారును, కూలీని కూడా బాధిత కుటుంబంగా లెక్కించాలంది. కాని భూ సమీకరణ అనేసరికి ఆ చట్టం పక్కకు పోతుంది. 'స్వచ్ఛందంగా ఇచ్చారు' అన్న ఒక్క ముక్కతో కౌలుదారు కనబడకుండా పోతాడు. అందుకే కౌలు చేసేవాళ్లు ఏటా సాగు హక్కు కార్డు తీసుకోవాలి. పంట రుణం కోసమే కాదు, ఆ పొలంలో నేనున్నానని చెప్పుకోవడానికి అదే ఆధారం.

ఈ ప్రశ్నలు రాసిపెట్టుకోండి

మీ ఊరికి గాని, మీ కాలువకు ఎగువన గాని ఇలాంటి ప్రాజెక్టు వస్తే, ధర మాట ఎత్తేముందు ఇవి అడగండి.

1. ఇన్ని ఎకరాలే ఎందుకు? రన్‌వేకు ఎంత, భవనాలకు ఎంత, హోటళ్లకూ వ్యాపారానికీ ఎంత? విడివిడిగా చెప్పాలి.

2. ఏ కాలువ, ఏ వాగు, ఏ మురుగు మళ్లిస్తారు? మళ్లించాక చివరి తూముకు నీటి మట్టం ఎంత ఉంటుంది?

3. ఒక్కరోజులో 20 సెంటీమీటర్ల వాన పడితే లోపలి నీరు ఎటు వదులుతారు? ఆ మురుగు కాల్వకు అంత సామర్థ్యం ఉందా? దాన్ని వెడల్పు చేసే ఖర్చు ఎవరిది?

4. పూడ్చే చెరువుకు బదులు చెరువు ఎక్కడ తవ్వుతారు? మట్టి ఎక్కడి నుంచి తెస్తారు? మెరక చేయడానికి ఏటి లంకలు తవ్వితే ఆ నష్టం మళ్లీ మనకే.

5. కంచె అవతల ఎంత దూరం వరకు చెట్లు తీయిస్తారు? వాటికి లెక్క ఎవరు కడతారు?

6. కౌలుదారుల, కూలీల జాబితా ఎవరు రాస్తారు? గ్రామసభలో చదివి వినిపిస్తారా?

వీటికి సరైన జవాబు వస్తే, ఆ విమానాశ్రయాన్ని అడ్డుకోవలసిన పని లేదన్నది నా అభిప్రాయం. జవాబు చెప్పలేకపోతే మాత్రం, అది అభివృద్ధి అని ఎంతమంది చెప్పినా సంతకం పెట్టే తొందర వద్దు.

ఆఖరుగా మన ఇంటి పని గురించి ఒక మాట. మన మురుగు కాల్వలు, తూములు, పిల్లకాలువల పటం ఎంతమంది దగ్గర ఉంది? పాత లస్కర్లు, నీటి సంఘాల పెద్దలు ఉన్నంతకాలం వాళ్ల నోట్లో ఉండేది. వాళ్లు పోతే అదీ పోతుంది. వచ్చే గ్రామసభ నాటికి మీ ఊళ్లో నీరు ఎక్కడ నుంచి వస్తుందో, ఎటు పోతుందో, 2009లో, 2024లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఒక కాగితం మీద గీయించి, తీర్మానం చేసి, పంచాయతీ రికార్డులో పెట్టించండి. రేపు ఎగువన ఎవరు ఏం కట్టినా, "ఇదిగో మా నీటి దారి" అని చూపించడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఈ పనికి ప్రభుత్వం రావాలని ఎదురు చూడనక్కర్లేదు. సార్వా నాట్లు పడేలోపు ఒక ఆదివారం నలుగురు కూర్చుంటే అయిపోతుంది.